వాన మింగిన కోడిపుంజు, ఊ కొట్టిన అమ్మమ్మ

నిన్న మధ్యాహ్నం మా ఇంట్లో పొయ్యి మీద ఎర్ర గోంగూర రేకులు మరుగుతున్నాయి. ఆకు కాదు, కాయ చుట్టూ దళసరిగా ఉండే ఎర్రటి రేకులు, ఎండబెట్టినవి. వాటితోపాటు కచ్చాపచ్చాగా దంచిన అల్లం, నాలుగు లవంగాలు, వేలెడు దాల్చినచెక్క, కాస్త కమలాపండు తొక్క. కరీబియన్ దీవుల వాళ్ళు దీన్ని సారెల్ అంటారు, క్రిస్మస్ దగ్గర పడుతోందంటే ఇంటింటా కాచి, వడగట్టి, పంచదార కలిపి, సీసాల్లో పోసి చల్లబెడతారు. టెక్సస్‌లో, కాపెల్‌లో, ఒక తెలుగింట్లో ఈ వాసనేమిటని మా ఆయన ప్రతి ఏడాదీ అడుగుతాడు, నేను ప్రతి ఏడాదీ చెప్తాను, ఆయన ప్రతి ఏడాదీ శుభ్రంగా మర్చిపోతాడు. నాకు మాత్రం ఆ వాసన ముక్కుకి తగిలిందంటే చాలు, తొమ్మిదేళ్ళ పిల్లనైపోయి, నార్త్ కెరొలైనాలో, క్యారీలో, పైన్ చెట్ల మధ్య మా పాత అపార్ట్‌మెంట్ మెట్ల మీద కూర్చుని ఉంటాను.

మా నాన్న ఉద్యోగం కోసం తొంభైల చివర్లో అక్కడికి చేరాం. ఆ అపార్ట్‌మెంట్లకి మెట్లు బయటివైపు ఉండేవి, చెక్క మెట్లు, ఎవరు ఎక్కుతున్నారో అడుగుల చప్పుడు బట్టి చెప్పేయొచ్చు. వసంతం వస్తే పైన్ పుప్పొడి రాలి కార్లూ, కిటికీలూ, మెట్లూ అన్నీ పసుపు పూసినట్టయ్యేవి. మా అమ్మ వాకిలి కడిగినట్టు బకెట్టుతో నీళ్ళు గుమ్మరించి మెట్లు కడిగేస్తే, కింది వాళ్ళ నెత్తిన పడుతున్నాయని మేనేజర్ పరిగెత్తుకొచ్చేవాడు. ఎండాకాలంలో ఒళ్ళంతా జిడ్డు చేసే ఉక్కపోత, సాయంత్రమైతే గడ్డి మీద మిణుగురులు, ఆకులు రాలే కాలంలో కాళ్ళకి గుచ్చుకునే ముళ్ళకాయలు. చలికాలంలో అంగుళం మంచు పడితే బళ్ళు మూసేసేవాళ్ళు, మేమంతా ఆ అంగుళం మంచునే గీకి గీకి, మట్టీ ఎండాకులూ కలిసిపోయిన ఒక గోధుమరంగు మనిషిని నిలబెట్టేవాళ్ళం. ఎంత అసహ్యంగా ఉండేవాడో, అంత ముద్దొచ్చేవాడు.

సరిగ్గా మా కింద ఇంట్లో మిస్ వెరోనా ఉండేది. ట్రినిడాడ్ దీవిలో ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరై, నర్సుగా పనిచేసే కూతురి దగ్గరకొచ్చి, మనవరాలు రెనీని చూసుకునేది. రెనీ నా క్లాసే. మిస్ వెరోనా మంచి పొడగరి, తెల్లబడ్డ జుట్టుకి రంగురంగుల గుడ్డ కట్టేది, గొలుసుకి వేలాడే కళ్ళజోడు, నడుస్తుంటే వెనకాల ఇంకా ముప్ఫైమంది పిల్లలు వరసలో వస్తున్నారేమో అనిపించేది. మమ్మల్నందర్నీ డూడూ అనేది, మనం బంగారం అంటామే, అలాగ. ఆవిడ ఇంగ్లీషు రాగం తీస్తున్నట్టు ఉండేది, అందుకే తిట్టినా చెవికి బాగుండేది.

నాలుగో క్లాసు పుస్తకంలో కరీబియన్ దీవుల గురించి మొత్తం రెండు పేజీలు. ఒక బీచి, ఒక పెద్ద ఓడ, ఒక చిలక. రెనీ తెచ్చి చూపిస్తే మిస్ వెరోనా కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసి, "ఇందులో మనుషులేరీ?" అంది. వేరే ఎవరైనా అయితే ఆ మాట అనేసి ఊరుకుందురు. ఈవిడ మర్నాడే బస్సెక్కి, దగ్గర్లో వాలంటీర్లు నడిపే చిన్న రేడియో స్టేషన్‌కి వెళ్ళి, వారానికో గంట స్టూడియో ఇప్పించుకుని వచ్చింది. అలా మొదలైంది 'యార్డ్ టైమ్'. యార్డ్ అంటే ఆ దీవుల్లో వాకిలి, పెరడు, ఇల్లు, ఇంట్లోవాళ్ళు, పక్కింటివాళ్ళు అంతా కలిపి ఒక్క మాట. స్కూళ్ళ కోసం పది సీడీలు, ఒక్కోటీ అరగంట. అందులో కథలుండేవి, ఆవిడ సొంతంగా రాసుకున్న పద్యాలుండేవి, సంతలో కేకలుండేవి, ఆఫ్రికా నుంచి గొలుసులేసి తెచ్చిన వాళ్ళూ, ఇండియా నుంచి కూలి ఒప్పంద కాగితాల మీద వేలిముద్రలేసి ఓడెక్కిన వాళ్ళూ ఒకే దీవిలో ఒకరి వంట ఒకరు ఎలా నేర్చుకున్నారో, వాళ్ళ పిల్లలు మళ్ళీ పెట్టెలు సర్దుకుని ఈ అమెరికాకి ఎలా వచ్చారో ఉండేది. ప్రతి సీడీకీ టీచర్ల కోసం ఒక ప్రశ్నల కాగితం. ఆ ప్రశ్నలు కూడా విడ్డూరంగా ఉండేవి. మీ ఇంట్లో వాన వస్తుందని ముందే పసిగట్టేది ఎవరు? మీ అమ్మమ్మ దేన్ని పారేయనివ్వదు?

ఏ కథైనా సరే ముందు మా మీద ప్రయోగించాకే మైకు ముందుకి వెళ్ళేది. శనివారం పొద్దున్నే అపార్ట్‌మెంట్ పిల్లలం పది పన్నెండుమందిమి మెట్ల మీద చేరేవాళ్ళం. ఆవిడ కింద కుర్చీలో కూర్చుని ఒక చేత్తో కాగితం, ఒక చేత్తో పెన్సిల్ పట్టుకునేది. కథ వింటూ మాలో ఎవడైనా సైకిల్ వైపు చూశాడా, ఎవరైనా మోకాలి మీద పొక్కు గిల్లుకున్నారా, కథలో ఆ ముక్క చటుక్కున కొట్టేసేది. మొదలుపెట్టే ముందు, మధ్యమధ్యలోనూ "క్రిక్?" అనేది. మేమందరం "క్రాక్!" అనాలి. అది వాళ్ళ దీవుల పద్ధతి. వింటున్నారా అని చెప్పేవాళ్ళు అడగడం, వింటున్నాం చెప్పు అని వినేవాళ్ళు అనడం. క్రాక్ అనకపోతే కథ అక్కడికక్కడే ఆగిపోయేది, ఎంత బతిమాలినా కదిలేది కాదు.

నేను క్రాక్ అనేదాన్ని కాదు. పెదాలు మాత్రం కదిపేదాన్ని. బళ్ళో కూడా అంతే, ప్రతి రిపోర్టు కార్డులోనూ 'గొంతు వినపడదు' అని టీచర్ రాసేది, ఇంటికొచ్చాక మా అమ్మ "ఇంట్లో తమ్ముడి మీద అరిచే గొంతు అక్కడేమవుతుందే?" అనేది. ఏమవుతుందో నాకూ తెలియదు. నోరు తెరిస్తే అందరూ నావైపు తిరుగుతారన్న భయం తప్ప ఇంకే కారణమూ లేదు. పదిమంది అరిచే క్రాక్‌లో నా ఒక్కదాని క్రాక్ లేకపోతే ఎవరికి తెలుస్తుందిలే అనుకునేదాన్ని, కానీ మిస్ వెరోనాకి తెలుసు.

ఆ ఏడాది ఆగస్టులో పొన్నూరు నుంచి మా అమ్మమ్మ వచ్చింది, ఆరు నెలలుండడానికి. చలికి భయపడి తాతయ్య రానన్నాడు. అమ్మమ్మ రెండు పెట్టెలు తెచ్చింది. ఒకదాంట్లో చీరలు, ఇంకోదాంట్లో పచ్చళ్ళు, అప్పడాలు, చింతపండు, నా కోసం ఒక తెలుగు వాచకం. వచ్చిన మూడో రోజు మెట్ల మీద టక్కున ఆగి గాలి పీల్చింది.

"కింద ఎవరో వంకాయ కాలుస్తున్నారే! మనవాళ్ళెవరన్నా ఉన్నారా?"

ఆ వాసన పట్టుకుని తిన్నగా మిస్ వెరోనా వంటింట్లోకి వెళ్ళిపోయింది, నేను సిగ్గుతో వెనకాలే. నిజంగానే వంకాయే, వెల్లుల్లి రెబ్బలు గుచ్చి పొయ్యి మీద కాలుస్తోంది. చోకా అంటారట, ట్రినిడాడ్‌లో ఇండియా వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే. అమ్మమ్మ అటూ ఇటూ చూసి, పైకొచ్చి, పిడికెడు చింతపండు పట్టుకుని మళ్ళీ దిగింది. అప్పట్నుంచి ఆ రెండు వంటిళ్ళ మధ్య గిన్నెలు తిరుగుతూనే ఉన్నాయి. లోపల శనగపప్పు పొడి కూరిన రొట్టె వస్తే అమ్మమ్మ దానికి కారం బొబ్బట్టని పేరు పెట్టింది. ఎండిన సారెల్ పొట్లం చూపిస్తే ఒక రేకు కొరికి, కళ్ళు చికిలించి, "ఇది మన గోంగూర కాయేనే! ఇంత దూరం వచ్చి షర్బత్తయి కూర్చుంది" అని, సగం పొట్లం నానబెట్టి పచ్చడి నూరేసింది. క్రిస్మస్‌కి నల్లటి కేకు వస్తే రెండు ముక్కలు తిని, ఎంత కమ్మగా ఉందో అని మెచ్చుకుంది. ఆ కేకులో పళ్ళని నెలల తరబడి రమ్ములో నానబెడతారన్న సంగతి మా ఇంట్లో ఎవరమూ ఆవిడకి చివరిదాకా చెప్పలేదు.

బడి నుంచి రాగానే అమ్మమ్మ నన్ను కాళ్ళ దగ్గర కూర్చోబెట్టుకుని, కొబ్బరినూనె రాసి జడేసేది. జడేసినంతసేపూ మిస్ వెరోనా కథని నేను తెలుగులో చెప్పాలి, అది ఆవిడ పెట్టిన షరతు. చెప్తుంటే ఊ కొట్టేది. ఊ అంటే ఒకటే ఊ కాదు. బాగా సాగుతోంటే పొట్టి ఊ, అనుమానమొస్తే పైకి లేచే ఊ, దయనీయమైన చోట బరువుగా దిగే ఊ. నాకు మాట దొరక్క ఇంగ్లీషు ముక్క పెడితే ఊ ఆగిపోయేది, దువ్వెన కూడా ఆగిపోయేది. ఆ మాట వెతికి తెచ్చి పెట్టేదాకా జడ సగంలోనే ఉండేది. నాకు ఇవాళ ఈ నాలుగు తెలుగు ముక్కలు రాయడం వచ్చిందంటే ఆ వాచకం వల్ల కాదు, ఆ ఊ వల్లే.

దసరాకి అట్టపెట్టెలు మెట్లలా పేర్చి, పట్టుచీర కప్పి బొమ్మలకొలువు పెట్టింది అమ్మమ్మ. పేరంటానికి పిలిస్తే మిస్ వెరోనా ఉత్త చేతులతో రాలేదు, ఒక రేకు కోడిపుంజు తెచ్చింది. ఎర్ర తోక, పసుపు రెక్కలు, పొట్ట కాస్త సొట్ట. అమ్మమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొండపల్లి పెళ్ళికూతురి పక్కనే చోటిచ్చింది. ఆ సాయంత్రం, శనగలు తింటూ, మిస్ వెరోనా ఆ పుంజు కథ చెప్పింది. పదో సీడీకి, అన్నిటికంటే ఆఖరిదానికి, దాచుకున్న కథ.

ఒక దీవిలో ఒక పుంజుకి తన ఈకలంటే మహా మురిపెం. ఊరేగింపు రోజున వాన పడి ఈకలు తడిస్తే ఎలాగని, మేఘం వచ్చీరాగానే నోరు తెరిచి వాననంతా గుటుక్కున మింగేసింది. ఇంకేముంది, బావులెండిపోయాయి, మామిడిపూత రాలిపోయింది, కప్పలు ఊరొదిలి పోయాయి. పుంజు నోరు తెరిస్తే వాన బయటపడుతుంది, అందుకని తెల్లారినా కూయదు, ఎవరు పలకరించినా పలకదు, పొట్ట మాత్రం కుండలా ఉబ్బిపోయింది. పెద్దమనుషులు గద్దించారు, పోలీసులు బెదిరించారు, పాటగాళ్ళు పాడారు, ఊహూ, ముక్కు విప్పలేదు. చివరికి ఒక ముసలావిడ ముక్కాలిపీట తెచ్చుకుని దాని ఎదురుగా కూర్చుని, తీరిగ్గా కథ మొదలుపెట్టింది. చెప్పి చెప్పి, మంచి పట్టులో ఉండగా ఆపి, "క్రిక్?" అంది. పుంజు బిగబట్టుకుంది, గుడ్లు తేలేసింది, కాళ్ళు వణికాయి. కానీ కథ అడుగుతుంటే జవాబివ్వకుండా ఎవరుండగలరు? "క్రాక్!" అనేసింది, దాంతోపాటు దీవి దీవంతా వాన కురిసింది.

నేను తెలుగులో చెప్తుంటే అమ్మమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. మిస్ వెరోనా నావైపు వేలు చూపించి, "ఈ డూడూయే నా పుంజు. కథంతా నోరు మూసుకుని ఉండాలి, చివర్లో ఒక్క మాట. దీనికంటే బాగా నోరు మూసుకునేవాళ్ళు నాకెవరు దొరుకుతారు?" అంది. రెనీకి వాన చప్పుడు అప్పజెప్పింది, బియ్యం, పెసలు పోసిన రేకు డబ్బా ఆడించడం. రెండు నెలలపాటు నేను బాత్రూమ్‌లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో క్రాక్, క్రాక్ అని అభ్యాసం చేశాను. మా తమ్ముడు నాకు జలుబని ఊరంతా చెప్పాడు.

రికార్డింగు డిసెంబరులో ఒక శనివారం, పదకొండు నుంచి పన్నెండు దాకా. పన్నెండు దాటితే సెలవులకి స్టూడియో మూసేస్తారు. సోమవారానికి పది సీడీలూ స్కూళ్ళ కమిటీకి చేరితే, బాగుంటే, మా కౌంటీలో నాలుగో క్లాసులన్నిటికీ పంపిస్తారు. తొమ్మిదే ఉంటే చూడనే చూడరు. ఇంకో ఏడాది ఆగు అన్నారు. మిస్ వెరోనా ఆ ముందు నెలే కంటి ఆపరేషన్ చేయించుకుని ఉంది, రెండో కన్ను కూడా మసకబారుతోంది, కాగితం చూసి చదవగలిగే ఏడాది ఇంకోటి ఉంటుందో లేదో ఆవిడకే తెలియదు. అదంతా కార్లో వెళ్తూ మాకు మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది.

అమ్మమ్మ కూడా వచ్చింది, మనవరాలు రేడియోలో మాట్లాడుతుంటే రాకుండా ఉంటుందా! స్టూడియో అంటే గోడలకి నురగ పలకలు అతికించిన చిన్న గది. గాజు కిటికీ అవతల వాల్టర్ అని ఒక బక్కపల్చటి పెద్దాయన మీటలు తిప్పుతుంటాడు. ఎర్రలైటు వెలిగిందంటే సూది పడ్డా వినపడకూడదని చెప్పాడు. నేను తెలుగులో చెప్తే, అమ్మమ్మ గాజులు చప్పుడు కాకుండా రెండు చేతులకీ కొంగు చుట్టుకుని, మూల కుర్చీలో బాసింపట్టేసుకుని కూర్చుంది. ఎర్రలైటు వెలిగింది. మిస్ వెరోనా మొదలుపెట్టింది. కథ సగం దాకా వెళ్ళాక వాల్టర్ చెయ్యెత్తి ఆపేశాడు. ఏదో మూలుగు పడుతోందట. వైర్లు చూశాడు, హీటర్ ఆపాడు, మళ్ళీ మొదటినుంచి మొదలెట్టారు, మళ్ళీ మూలుగు. అప్పుడు రెనీ కళ్ళు మెల్లిగా మూలకి తిరిగాయి.

అమ్మమ్మ ఊ కొడుతోంది. ఆ కథ ఆవిడకి నా నోట విని విని కంఠతా వచ్చు; మాటలు తెలియకపోయినా ఎక్కడ పుంజు మింగుతుందో, ఎక్కడ కప్పలు పోతాయో తెలుసు. కథ వింటూ ఊ కొట్టకపోవడమన్నది ఆ జన్మకి తెలియదు. గాజులకి కొంగు చుట్టుకుంది కానీ గొంతుకి ఏం చుట్టుకుంటుంది? అప్పటికి అరగంట అయిపోతోంది. వాల్టర్ గడియారం చూశాడు, మిస్ వెరోనా నుదురు ఒత్తుకుంది, అందరూ నావైపు తిరిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు బయటికి పో అమ్మమ్మా. అంతా నీ వల్లే పాడైంది."

తెలుగులో అన్నాను కాబట్టి ఆ గదిలో ఇంకెవరికీ అర్థం కాలేదు, అర్థం కావలసిన మనిషికి బాగానే అర్థమైంది. "సరే తల్లీ" అని, కొంగు అలాగే చేతులకి పట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు వేసుకుని వెళ్ళింది.

మళ్ళీ ఎర్రలైటు. ఈసారి ఏ మూలుగూ లేదు. సూది పడ్డా వినపడేంత నిశ్శబ్దం. మిస్ వెరోనా కథ చెప్తోంది, మాటలన్నీ అవే, కానీ కథ గోడకి చెప్తున్నట్టుంది. ముసలావిడ పీటేసుకుని కూర్చుంది. "క్రిక్?" అంది మిస్ వెరోనా. రెండు నెలలు కుళాయి కింద అరిచిన మాట నా గొంతులోంచి రాలేదు. సిగ్గు కాదు. ఆ కథ ఎప్పుడు చెప్పినా పక్కన ఊ ఉండేది, అది లేకపోయేసరికి కథ నడుస్తోందో ఆగిపోయిందో నాకు తెలియలేదు. ఎర్రలైటు ఆరిపోయింది.

"మీ అమ్మమ్మ బయటికి వెళ్ళేముందు ఆవిడతో ఏమన్నావు?" అని అడిగింది మిస్ వెరోనా. తలొంచుకుని చెప్పాను. తిట్టలేదు. చెవులకున్న హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"ముప్ఫై ఏళ్ళు పిల్లలకి చెప్పాను, కథ ఇద్దరు చేసే పని అని. నేను క్రాక్ కోసం ఎదురుచూస్తాను, ఆవిడ నాకు ఇందాకట్నుంచీ ఇస్తూనే ఉంది, మనం దాన్ని మెషీన్ తప్పనుకున్నాం. పరిగెత్తు డూడూ, తీసుకురా."

అమ్మమ్మ వరండాలో కూల్‌డ్రింకుల మెషీన్ పక్కన, బెంచీ మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"అయిపోయిందా తల్లీ? బాగా అన్నావా?"

నాకు ఏడుపొచ్చేసింది. "రా అమ్మమ్మా, నీకూ మైకు పెడతారంట."

"నాకెందుకే? మళ్ళీ పాడుచేస్తాను."

"పాడుచెయ్యి" అన్నాను చెయ్యి పట్టుకుని లాగుతూ.

వాల్టర్ ఇంకో మైకు తెచ్చి ఆవిడ నోటికి సరిగ్గా దించి, వంగి దండం లాంటిదొకటి పెట్టాడు. గడియారంలో పదకొండూ నలభై మూడు. మిస్ వెరోనా కుర్చీని కాస్త అమ్మమ్మ వైపు తిప్పుకుని, కాగితం పక్కన పడేసి, ఆవిడకే చెప్పింది. అమ్మమ్మ మొదట్లో బెదురుగా చిన్న ఊ అంది. తర్వాత మామూలు ఊ. మామిడిపూత రాలినప్పుడు "అయ్యయ్యో" కూడా పడింది. ఆ ఊ వెంట కథ ఎట్లా పరిగెత్తిందో చెప్పలేను. మిస్ వెరోనా గొంతులో నేనెప్పుడూ వినని గొంతులు వచ్చాయి, పోలీసులకి నత్తి వచ్చింది, పుంజుకి ఉబ్బసం వచ్చింది. ముసలావిడ కూర్చుంది. "క్రిక్?"

అమ్మమ్మ ఊ అనలేదు. అది నాదని ఆవిడకి తెలుసు. నావైపు చూసింది, జడేస్తూ మాట కోసం ఆగేటప్పుడు ఎలా చూసేదో అలాగే.

"క్రాక్!" అని అరిచాను. గాజు కిటికీ అవతల వాల్టర్ హెడ్‌ఫోన్లు లాగి అవతల పడేశాడు. రెనీ డబ్బా మూత ఊడిపోయేలా వాన కురిపించింది, బియ్యం, పెసలు గదంతా ఎగిరిపడ్డాయి, అదే అసలు వాన చప్పుడులా వచ్చింది. మిస్ వెరోనా కథ ముగించింది. వాల్టర్ వేలెత్తి, లైటు ఆర్పబోతూ, మూడు లెక్కపెడుతున్నాడు. ఆ మూడులోపల అమ్మమ్మ, ముందుకి వంగి, ఎంతో ఆసక్తిగా, "ఊ... తర్వాత?" అంది.

అది కూడా రికార్డయింది. మిస్ వెరోనా దాన్ని తియ్యనివ్వలేదు. పదో కాగితంలో ఆఖరి ప్రశ్న మాత్రం మార్చి రాసింది: ఈ కథ వింటున్న రెండో గొంతు ఎవరిది? మీ ఇంట్లో కథ వింటూ ఏమంటారు?

కమిటీ ఒప్పుకుంది. ఫిబ్రవరి మొదట్లో మా క్లాసులో టీచర్ పదో సీడీ పెడితే నేను కుర్చీలో వీలైనంత కిందికి జారిపోయాను. మొదటి ఊ రాగానే ఎవరో కిసుక్కున నవ్వారు. రెండోదానికి నలుగురు. టీచర్ సీడీ ఆపి ఆ ప్రశ్న చదివి, "ఎవరికైనా తెలుసా?" అంది. రెనీ నా వీపు మీద పొడిచింది. లేచి నిలబడి, "మా అమ్మమ్మ. వింటున్నానని చెప్పడం. అది అనకపోతే కథ ఆగిపోతుంది" అన్నాను. గది చివరిదాకా వినపడింది. టీచర్ మళ్ళీ మొదటినుంచి పెట్టింది, మేఘం వచ్చేసరికి ఎవరో ఊ అన్నారు, కప్పలు ఊరొదిలేసరికి క్లాసు క్లాసంతా ఊ కొడుతోంది. అమెరికా ఊ, సరిగ్గా రాదు, ఆవులు అరిచినట్టుంది, అయినా ఊ ఊయే.

ఇంటికి పరిగెత్తుకొచ్చి చెప్తే అమ్మమ్మ ముందు అడిగిందేమిటంటే, "ఎంతమంది కొట్టారే?"

"ఇరవై ఇద్దరు. టీచర్ కూడా."

"అబ్బో!" అని, నూనె గిన్నె తెచ్చుకుని నన్ను కూర్చోబెట్టింది. ఆ నెలాఖరుకి ఆవిడ ప్రయాణం. మిస్ వెరోనా మాకిచ్చిన రెండు సీడీల్లో ఒకటి తువ్వాల్లో చుట్టి, చేతిసంచీలో పెట్టుకుని వెళ్ళింది. పొన్నూరులో ఇంట్లో సీడీ వేసేది లేకపోతే తాతయ్య ఆవిడని కంప్యూటర్ సెంటర్‌కి తీసుకెళ్ళాడట, అక్కడి పిల్లలందరికీ తన ఊ వినిపించి వచ్చిందట.

ఇప్పుడా మెట్లు లేవు, ఆ అపార్ట్‌మెంట్లు పడగొట్టి పెద్దవి కట్టారు. రెనీ కాలేజీలో చేరాక మిస్ వెరోనా తన దీవికి వెళ్ళిపోయి, అక్కడే, సొంత యార్డ్‌లోనే కన్నుమూసింది. అమ్మమ్మ పోయి నాలుగేళ్ళు. నవంబరు వస్తే రెనీ నాకు సారెల్ పొట్లం పంపిస్తుంది, నేను తనకి గోంగూర పచ్చడి పంపిస్తాను. మా అయిదేళ్ళ అమ్మాయి టాబ్లెట్‌లో కథలు వింటుంది, మంచి కథలే, రంగులు కూడా బాగుంటాయి. కానీ ఆ కథ దాన్ని ఏమీ అడగదు. ఇది వింటున్నా చెప్తుంది, నిద్రపోయినా చెప్పుకుంటూ పోతుంది. నాకు ఆ ఊ లేని ఇల్లు వెలితిగా ఉంటుంది, ఎంత వెలితో మాటల్లో పెట్టలేను.

అందుకే నిన్న సాయంత్రం, సారెల్ చల్లారాక, రెండు గ్లాసులు పట్టుకుని మా అమ్మాయిని గ్యారేజీలోకి తీసుకెళ్ళాను. మా ఇంట్లో సీడీ వేసే మెషీన్ ఒక్కటే మిగిలింది, మా ఆయన పాత కార్లో. ముందు సీట్లో నేను, వెనక తన సీట్లో అది, కారు ఎక్కడికీ వెళ్ళదు. గీతలు పడ్డ సీడీ కాసేపు కరకరలాడి, మిస్ వెరోనా గొంతు వచ్చింది, దాని వెనకే, చిన్నగా, బెదురుగా, ఊ. "హూ ఈజ్ దట్?" అంది అమ్మాయి. మీ తాతమ్మ అన్నాను. పుంజు మింగింది, కప్పలు వెళ్ళాయి, తొమ్మిదేళ్ళ నేను అరిచాను, బియ్యం, పెసలు గదంతా కురిశాయి. కథ అయిపోయింది. నాకు తెలుసు ఇప్పుడేం వస్తుందో, ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు విన్నా అక్కడ నవ్వేదాన్ని, నిన్న మాత్రం గ్లాసు గట్టిగా పట్టుకున్నాను.

"ఊ... తర్వాత?" అంది అమ్మమ్మ.

వెనక సీట్లోంచి మా అమ్మాయి, ఎర్రబడ్డ మూతి తుడుచుకుంటూ, దానికొచ్చిన తెలుగులో, కారంతా వినపడేలా జవాబిచ్చింది.

"తర్వాత, బిగ్ రెయిన్ వచ్చింది తాతమ్మా. అందరూ తడిచిపోయారు."